గోడ వైపు

షాపు,
మధ్యాహ్నం

వార్డెన్ గారికి,

నువ్వు చెప్పినట్టే కాగితం మీద రాస్తున్నాను. ఫోన్లో మనిద్దరం ‘తిన్నావా’, ‘తిన్నాను, మీరు?’ దగ్గరే ఆగిపోతున్నామన్నావు కదా, నిన్నా అదే జరిగింది. నువ్వు పెట్టేశాక గుర్తొచ్చింది, అసలు సంగతి చెప్పనేలేదని.

పోయిన వారం మన రిటైరైన హెడ్మాస్టారు కొత్త కళ్లజోడు కోసం వచ్చారు. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, పరీక్షకి వాడే ఆ బరువు ఫ్రేము ముక్కు మీద పెట్టి, గోడ మీద అక్షరాల పట్టీ చదవమన్నాను. ఒక అద్దం వేశాను. రెండో అద్దం చేతిలోకి తీసుకున్నాను. అంతే, ఆ తర్వాత నాకేమీ తెలీదు. స్టూలు మీద కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే నిద్రపోయానట. పాపం ఆయన, నేనేదో దీర్ఘంగా ఆలోచిస్తున్నానని కదలకుండా ఉన్నారు. ఎంతసేపో అడిగితే చెప్పరు. చివరికి ఆయనే నా మోకాలు తట్టి, “అబ్బాయ్, మొదటిదే బాగుంది” అన్నారు.

నవ్వకు. ఆయనే నన్ను చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కెళ్లారు. ఒక రాత్రి ఒంటినిండా వైర్లు అంటించి పడుకోబెట్టారు. తేలిందేమిటంటే, నిద్రలో నా ఊపిరి ఆగిపోతోందట. ఒకసారి కాదు, రాత్రంతా ఆగుతూ, మళ్లీ మొదలవుతూ ఉంటుందట. ఇన్నాళ్లూ గురకే కదా అనుకున్నది ఒట్టి గురక కాదన్నమాట. ఒక మెషినిచ్చారు. బ్రెడ్డు పెట్టె అంత ఉంటుంది. దానికొక గొట్టం, గొట్టం చివర ముక్కుకి పెట్టుకునే మాస్కు. నేను పడుకున్నంతసేపూ గాలి కొడుతూ గొంతు మూసుకుపోకుండా చూస్తుందట. పెట్టుకోకపోతే గుండె మీదికి వస్తుందని డాక్టరు కాస్త గట్టిగానే చెప్పాడు.

నీకెప్పుడైనా అనిపించిందా, నా ఊపిరి ఆగుతున్నట్టు? నీది తేలిక నిద్ర కదా, అందుకని అడుగుతున్నాను.

కౌంటర్ దగ్గర నీ స్టూలు ఖాళీగా ఉంది. అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డలు ఎక్కడ పెట్టావో దొరకలేదు. చొక్కా అంచుతో తుడుస్తున్నాను. చూస్తే తిడతావు.

నీ షాపువాడు


హాస్టల్,
వార్డెన్ గది

ఏమండీ,

ఉత్తరం అందింది. గుడ్డలు కింది సొరుగులో వెనకాల ఉన్నాయి. చొక్కాతో తుడిస్తే గీతలు పడతాయి.

నా గది చిన్నది. మంచం గోడకి ఆనించి ఉంది. కిటికీలోంచి చూస్తే పిల్లలు బట్టలారేసుకునే తీగలు కనిపిస్తాయి. పొద్దున్న గంట కొట్టించాలి, సాయంత్రం గేటు తాళం వేయించాలి, మధ్యలో నీళ్ల ట్యాంకు సంగతి చూడాలి, జ్వరం వచ్చినవాళ్లకి మాత్రలివ్వాలి. అంతే పని. కాలేజీ పిల్లలు కాబట్టి ఎవరైనా ఏడ్చినా నా దగ్గరికొచ్చి ఏడవరు. నాకూ అదే నయంగా ఉంది.

నిద్ర బాగా పడుతోంది. గోడ వైపు తిరిగి పడుకుంటాను. పడుకున్నట్టూ తెలీదు, లేచినట్టూ తెలీదు.

మాస్కు పెట్టుకోండి. పెట్టుకున్నాక ఎలా ఉందో రాయండి.

వార్డెన్


షాపు

వార్డెన్ గారికి,

మాస్కు గురించి నువ్వేమీ బెంగపెట్టుకోకు. నాలుగు రోజుల్లో అలవాటైపోయింది. ‘వారం రోజులు పెట్టుకోండి, అదే అలవాటవుతుంది’ అని ఊళ్లో అందరికీ చెప్పేవాణ్ణి, నాకు ఆ మాత్రం తెలీదా? పొద్దున్న లేచేసరికి ముక్కుకి అటూ ఇటూ ఎర్రగా గుర్తులు పడుతున్నాయి, కళ్లజోడు మచ్చలకి కొంచెం కిందగా. మధ్యాహ్నానికి పోతాయి. పదేళ్లు వెనక్కి వెళ్లినట్టుంది. ముఖంలో కళ వచ్చిందని హెడ్మాస్టారు కూడా అన్నారు.

ఈ టర్మ్ అవగానే వచ్చేస్తావుగా, నువ్వే చూద్దువుగాని. గురక చప్పుడు లేక మన పడకగది లైబ్రరీలా ఉంటుంది. 

గుడ్డలు దొరికాయి. అన్నట్టు నేనడిగినదానికి జవాబు రాయలేదు. మర్చిపోయినట్టున్నావు.

నీ షాపువాడు


హాస్టల్

ఏమండీ,

గుర్తుల గురించి బాగా రాశారు. ముక్కు మీద ఏది ఎక్కడ పడుతుందో మీకు కాక ఎవరికి తెలుస్తుంది?

ఆస్పత్రిలో ఫోన్ నంబరు అడిగితే మీరు నా నంబరు ఇచ్చారు. ఎక్కడ అడిగినా నాదే ఇవ్వడం మీకు అలవాటు. షాపు బోర్డు మీద కూడా నాదే ఉంది. ఆ మెషిను ఏ రాత్రి ఎంతసేపు నడిచిందో దానంతటదే ఆస్పత్రికి చెప్పేస్తుందట. అక్కడి నర్సు నాకు ఫోన్ చేసింది. “మీవారు పెట్టుకున్న కాసేపటికే తీసేస్తున్నారండీ, ఈ వారమైతే అసలు ఆన్ చెయ్యలేదు, ఏమైనా ఇబ్బందా?” అని అడిగింది. కనుక్కుంటానన్నాను. మీ ఉత్తరం వచ్చింది ఆ మర్నాడు.

నాకు కోపం రాలేదు. వస్తుందేమోనని చూశాను. ఉత్తరం రెండుసార్లు చదివి, మడిచి పెట్టి, చాకలి తెచ్చిన దుప్పట్లు సర్దుకోవడానికి వెళ్లాను.

మీరడిగింది మర్చిపోలేదు. మీ ఊపిరి ఆగుతుందని నాకు తెలుసు. ఎన్నో ఏళ్లుగా తెలుసు. మొదట్లో మీకు చెప్పాను. ‘నీ నిద్ర తేలికై నా మీద పెడుతున్నావు’ అని నవ్వేశారు. రెండోసారి చెప్తే, షాపుకొచ్చినవాళ్లతో ‘మా ఆవిడ నా ఊపిరికి కాపలా కాస్తోంది’ అని చెప్పి వాళ్లనీ నవ్వించారు. నేను కౌంటర్లోనే ఉన్నాను. ఆ తర్వాత చెప్పలేదు. మీ వైపు తిరిగి, మీ ఛాతీ మీద చెయ్యి వేసి పడుకునేదాన్ని. చెయ్యి పైకీ కిందికీ కదులుతున్నంతసేపు కళ్లు మూసుకునేదాన్ని. కదలటం ఆగితే మోచేత్తో పొడిచేదాన్ని. మీరు గట్టిగా ఊపిరి తీసుకుని అటు తిరిగేవారు. పొద్దున్న లేచి ‘ఒళ్లు తెలీకుండా నిద్రపోయాను’ అనేవారు.

మొదట్లో నాకు భయం వేసేది. రానురాను పోయింది. పోతే మంచిదే అనుకున్నాను. భయంతో పాటు మిగతావి కూడా పోయాయని తర్వాత తెలిసింది. కుళాయి కారుతుంటే లేచి కట్టేస్తాం చూడండి, అలా పొడిచేదాన్ని మిమ్మల్ని. నా పక్కన మనిషి పడుకున్నాడని అనిపించేది కాదు. డ్యూటీలో ఉన్నానని అనిపించేది. ఇక్కడ వార్డెన్ కావాలని తెలిసినప్పుడు ‘ఒక టర్మ్ చేసి వస్తాను, కాస్త మార్పుగా ఉంటుంది’ అన్నాను. మార్పు కోసం రాలేదు. నిద్రపోవడానికి వచ్చాను.

నేను వచ్చేస్తే మిమ్మల్ని ఎవరు పొడుస్తారని ఆలోచించలేదా అంటారేమో. బస్సు ఎక్కాక ఆలోచించాను. దిగలేదు.

ఇంకో సంగతి. నన్ను ఇక్కడే పర్మనెంటుగా ఉండిపొమ్మంటున్నారు. కాగితం ఇచ్చారు, పిల్లల పరీక్షలయ్యేలోపు సంతకం చేసి ఇవ్వాలి. చేసేద్దామనుకున్నాను. మీకు చెప్పి చేద్దామని ఆగాను. మీ మీద బెంగ పుడుతుందేమోనని కూడా చూశాను. ఇంకా పుట్టలేదు.

కటువుగా రాశానేమో. మెత్తగా ఎలా రాయాలో తోచలేదు.


ఇల్లు

నీకు,

వార్డెన్ గారికి అని రాసి కొట్టేశాను.

నీ ఉత్తరం షాపులో చదివాను. అప్పుడే ఒక పెద్దాయన కళ్లజోడు కాడ ఊగుతోందని వస్తే, స్క్రూ బిగించబోయి కింద పారేసుకున్నాను. ఇద్దరం నేల మీద వెతికాం. దొరకలేదు. కొత్తది వేసి పంపించి షట్టరు దించేశాను.

నేను రాసింది అబద్ధం. మెషిను మంచం పక్కనే ఉంది, దాని మీద తువ్వాలు కప్పాను. గుర్తులూ లేవు, కళా లేదు, హెడ్మాస్టారు ఏమీ అనలేదు.

నిజమేమిటంటే నాకు భయం. మాస్కు పెట్టుకుని పట్టీలు బిగించగానే ముఖం మీద ఎవరో అరచెయ్యి నొక్కిపెట్టినట్టు ఉంటుంది. గాలి వస్తూనే ఉంటుంది, అందుతూనే ఉంటుంది, అయినా అందటం లేదనిపిస్తుంది. నోరు తెరిస్తే ముక్కులోంచి వచ్చే గాలంతా నోట్లోంచి బుస్సుమని పోతుంది. అది ఇంకా భయం. పీకి అవతల పారేసి, కాళ్లు కిందికి వేసుకుని కూర్చుంటాను. ఎన్ని ముఖాలు ముట్టుకున్నానో నాకే తెలీదు. చెవుల వెనక జుట్టు తప్పించి, గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి, ఏడ్చే పిల్లలకి కూడా బుజ్జగించి కళ్లజోడు పెట్టాను. నా ముఖం ఎవరైనా అలా పట్టుకుంటే నేను ఒప్పుకోనని ఈ వయసులో తెలిసింది. ఎవరితో చెప్పుకోవాలన్నా సిగ్గేసింది. నీతో చెప్పడానికి మరీ.

నువ్వు చెప్పావు, నేను నవ్వాను. నాకు గుర్తుంది. ఎవరెవరిని నవ్వించానో కూడా గుర్తుంది. దాని గురించి ఇప్పుడు ఏం రాసినా తేలిగ్గా ఉంటుంది.

రేపు మాస్కు పట్టుకుని ఆ నర్సు దగ్గరికి వెళ్తాను. ఉండిపోవద్దని నీకు రాయాలని ఉంది. ఆ మాట రాయాలంటే ముందు నేను ఒక్క రాత్రయినా దాంతో పడుకోవాలి. పడుకోకుండా రమ్మంటే, మళ్లీ కాపలాకి రమ్మన్నట్టే.


హాస్టల్

ఏమండీ,

నర్సు మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి నవ్వుతూ మాట్లాడింది. మీరు వెళ్లారట. ఏం జరిగిందో ఆమె చెప్పబోతే, ఆయనే రాస్తారులెండి అన్నాను.

ఇక్కడ పరీక్షలు దగ్గరపడ్డాయి. పిల్లలు వరండాలో నడుస్తూ చదువుతున్నారు. మొన్న దిండు గలీబు కుడుతుంటే వేలికి సూది గుచ్చుకుంది. గుడ్డ మీద రక్తం కనపడ్డాక తెలిసింది.

కాగితం టేబుల్ మీదే ఉంది.


షాపు

నీకు,

నర్సు నన్ను మాస్కు పెట్టుకుని చూపించమంది. పెట్టుకున్నాను. వెనక్కి జరిగి చూసి, “మీరేం పని చేస్తారండీ?” అంది. కళ్లజోళ్ల షాపు అన్నాను. “అదీ సంగతి” అంది.

ఫ్రేము వదులైతే జారుతుందని, చెవుల వెనక పట్టు దొరికేదాకా బిగించటం నా చేతికి అలవాటు కదా. అదే చేత్తో మాస్కు పట్టీలు కూడా లాగి కట్టాను. గాలి పక్కలనుంచి పోతున్నకొద్దీ ఇంకా బిగించాను. “ఇది ముఖాన్ని పట్టుకుని నిలబడేది కాదండీ, గాలి మీద తేలుతూ నిలబడేది. వదులుగా ఉంటేనే కూర్చుంటుంది” అని అన్నీ సడలించింది. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలంది. ముఖం మీది అరచెయ్యి మొత్తం లేచిపోలేదుగానీ, కొన్ని వేళ్లయితే లేచాయి. నొక్కుతున్నది ఎవరో కాదు, నేనేనని తెలిసింది.

అయినా ఇంటికొచ్చి పడుకుంటే మళ్లీ అదే దడ. పీకేశాను. మర్నాడు షాపులో ఒకాయనకి దూరం, దగ్గర రెండూ కనపడే అద్దాలు ఇస్తూ, ఎప్పుడూ చెప్పేదే చెప్పాను. ‘మొదట ఇంట్లో కుర్చీలో కూర్చుని పెట్టుకోండి, కూర్చున్నచోటు నుంచే అటూ ఇటూ చూడండి, పెట్టుకున్న రోజే మెట్లు దిగకండి’ అని. ఆయన వెళ్లాక నేను నిలబడిపోయాను. నేను పెట్టుకున్న రోజే మెట్లు దిగబోయినవాణ్ణి.

అందుకని మెషిన్ని షాపుకి తెచ్చాను. మధ్యాహ్నం షట్టరు సగం దించి, హెడ్మాస్టారు కూర్చున్న కుర్చీలో నేను కూర్చుంటాను. పట్టీలు తగిలించను. మాస్కుని చేత్తో ముక్కుకి ఆనించుకుని, ఎదురుగా అక్షరాల పట్టీ మనసులో చదువుతాను. మొదటి రోజు పైనున్న పెద్ద అక్షరం ఒక్కటే. చదివాక తీసెయ్యొచ్చు. మర్నాడు రెండో వరుస దాకా. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసెయ్యొచ్చు, చెయ్యి నాదే అనుకునేసరికి తియ్యాలని అంతగా అనిపించలేదు. మూడో వరుస దగ్గర మాత్రం మొరాయించాను. రెండు రోజులు అక్కడే. ఆ తర్వాత పట్టీలు తగిలించుకున్నాను, రెండు వేళ్ల వదులుతో. ఒకావిడ షట్టరు కింద నుంచి వంగి నా మాస్కు చూసి, “పెయింట్లు వేస్తున్నట్టున్నారు, రేపు వస్తాలెండి” అని వెళ్లిపోయింది. అడుగు వరుస నాకు కళ్లజోడు లేకుండా ఎటూ కనపడదు. ఇన్నేళ్లుగా వింటున్నదే కాబట్టి జ్ఞాపకం మీద చదివాను. అలా చదవటం మోసమే, వేరేవాళ్లయితే ఒప్పుకోను.

ఆదివారం ఇంట్లో పగలు నడుం వాల్చి పెట్టుకున్నాను. మొన్న రాత్రి కూడా పెట్టుకునే పడుకున్నాను. కళ్లు తెరిచేసరికి కిటికీలో వెలుగు. మాస్కు ముఖం మీదే ఉంది. కాసేపు అలాగే పడుకుని, నన్నెవరూ పొడవలేదే అనుకున్నాను. నువ్వు రాసేదాకా నన్ను రోజూ ఒక మనిషి పొడుస్తోందనే నాకు తెలీదు. ఏడుపొచ్చింది. మాస్కులో ఏడవటం కుదరదు, అందుకని తీసి ఏడ్చాను.

ఇప్పుడు రాస్తున్నాను. ఉండిపోవద్దు. కాకపోతే నిద్ర అక్కడే పడుతుందంటే ఉండిపో. రెండూ నిజంగానే రాస్తున్నాను.


హాస్టల్

ఏమండీ,

శనివారం సాయంత్రం బస్సుకి వస్తాను. సోమవారం పొద్దున్న మొదటి బస్సుకి తిరిగి రావాలి. సెలవు అడిగితే, ఇంట్లో ఎవరికైనా బాగాలేదా అన్నారు. లేదండీ అన్నాను.

నేను కబుర్లు చెప్పడానికి రావటం లేదు. ఏమీ ప్రత్యేకంగా వండి పెట్టకండి. ఇల్లంతా సర్దాలని కూడా చూడకండి, మీరు సర్దితే మళ్లీ నేను సర్దుకోవాలి. అక్కడ నాకు నిద్ర పడుతుందో లేదో చూసుకోవాలి. అది చూసుకుని కాగితం సంగతి తేల్చుకుంటాను.

ఒకటి ముందే చెప్తున్నాను. నేను గోడ వైపు తిరిగి పడుకుంటాను. మీ మీద చెయ్యి వెయ్యను. కోపమనుకోకండి. మీ మెషిను సంగతి మీరు చూసుకోండి.


ఇల్లు,
సోమవారం సాయంత్రం

వార్డెన్ గారికి,

ఈసారి కొట్టెయ్యలేదు. క్షేమంగా చేరావనుకుంటాను. ఆలస్యంగా వెళ్లినందుకు ఏమైనా అన్నారా?

శనివారం రాత్రి నువ్వు నిద్రపోలేదని నాకు తెలుసు. గోడ వైపు తిరిగావు, మళ్లీ ఇటు తిరిగి చూశావు, మళ్లీ తిరిగావు. పొద్దున్న టీ తాగుతూ, “ఇంత చప్పుడు లేకుండా ఉంటే మనిషి ఉన్నాడో లేడో ఎలా తెలుస్తుంది” అన్నావు. అది జోకో కాదో నాకు అర్థం కాక నవ్వలేదు. ఇకముందు కూడా, సరిగ్గా తెలిస్తేనే నవ్వుతాను.

ఆదివారం రాత్రి నువ్వు నిద్రపోయావు. ఆ పూట మెలకువగా ఉన్నది నేను. ఇన్నేళ్లలో నువ్వు నిద్రపోతుండగా నేను చూడలేదు. ఎలా చూస్తాను, నేనెప్పుడూ ముందే పడిపోయేవాణ్ణి. నీకూ సన్నగా గురక వస్తుంది. ఎవరికీ చెప్పను.

ఇప్పుడు అసలు సంగతి. తెల్లారి బస్సుకి టైమవుతోందని నిన్ను లేపడానికి చెయ్యి చాచాను. నీ భుజం దాకా వచ్చింది చెయ్యి. వెయ్యలేకపోయాను. మనింట్లో ఒక మనిషి ఇంకో మనిషిని నిద్రలో కదపటం ఇంక చాలనిపించింది. తర్వాత నువ్వు లేచి గడియారం చూసి కంగారుపడితే, అలారం మోగలేదు అన్నాను. మోగింది. నేనే ఆపాను. నీ బస్సు తప్పించింది నేను. మళ్లీ అబద్ధమాడాను కానీ, ఈసారి నర్సు చెప్పేదాకా ఆగలేదు.

నీ షాపువాడు


హాస్టల్

ఏమండీ,

ఎవరూ ఏమీ అనలేదు. పరీక్షలైపోయాయి, సగం గదులు ఖాళీ.

కాగితం సంతకం చెయ్యకుండా తిరిగిచ్చేశాను. కారణం ఏమని రాసుకోమంటారని అడిగారు. ఖాళీగా వదిలెయ్యమన్నాను. గదికొచ్చి కూర్చుని, సంతోషంగా ఉందా అని చూసుకున్నాను. ఉందో లేదో ఇంకా తెలీదు. మధ్యాహ్నం మాత్రం చాలా రోజుల తర్వాత ఆకలేసింది.

అలారం మోగటం నేనూ విన్నాను. మీరు ఆపుతారా, నన్ను లేపుతారా అని గోడ వైపు తిరిగి అలాగే పడుకున్నాను.

నేను